గోడలో మిగిలిన ఒక్క కన్నం

జూన్ 4

తెలిసీ చెప్పలేదు నువ్వు. పద్నాలుగు నెలలుగా నేను భుజంతో గుద్దుతున్న తలుపు ఎప్పుడో తీసే ఉందని నీకు మొదటిరోజు నుంచీ తెలుసు. అయినా నోరు విప్పలేదు.

నిన్న గణిత సభ వాళ్ళ ఉత్తరం వచ్చింది. సెప్టెంబరు సమావేశంలో నా వ్యాసం చదవడానికి అరగంట ఇచ్చారట. సైటు ఆఫీసు మెట్ల మీద నిలబడి, చేతి తొడుగులు కూడా తీయకుండా చదివాను. ఎగిరి గంతేశాను కూడా. మూడో వాక్యం చదివాక కాళ్ళు నేలకి దిగాయి. "చాలాకాలంగా తెలిసిన ఒక ఫలితానికి కార్మికురాలు ఒకరు ఇచ్చిన చక్కని వివరణ" అని ఉంది. తెలిసిన ఫలితమా? ఎవరికి తెలుసు మావయ్యా? నీకు తెలుసు. కాలేజీలో ఇరవై రెండేళ్ళుగా లెక్కలు చెప్తున్నావు. తెలీదని మాత్రం అనకు.

ఇంకా ఉంది. సభ్యుల ద్వారానే పంపాలన్నారు కాబట్టి వ్యాసం నీకు పంపాను. నేను ఎనిమిది పేజీలు పంపితే వాళ్ళకి ఏడు చేరాయి. ఉత్తరంతో పాటు వాళ్ళు పెట్టిన అచ్చు ప్రతిలో మూడో పేజీ లేదు. మొదటి వాక్యంలో నేను "ఏ అనంత గ్రాఫునైనా" అని రాస్తే, అచ్చులో "లెక్కించదగిన ఏ అనంత గ్రాఫునైనా" అని ఉంది. ఆ మాట నాది కాదు. నా చేతి రాత పక్కన ఎవరో కూర్చుని రాసినట్టుంది.

నేనేం చెప్పానో మర్చిపోయి ఉంటావు, మళ్ళీ చెప్తాను. చుక్కలు, వాటిని కలిపే గీతలు, అంతులేనన్ని. అదే గ్రాఫు. ఆ గీతలన్నిటినీ చుట్లుగా విడగొట్టాలి. చుట్టంటే బయల్దేరిన చుక్కకే తిరిగొచ్చేది. మా కోల్డ్ స్టోరేజీలో పైపు రింగులాగే: యంత్రాల గదిలో మొదలై, చల్లబరచాల్సిన గదులు తిరిగి, మళ్ళీ యంత్రాల గదికే. ఏ గీతా మిగలకూడదు, ఏ గీతా రెండు చుట్లలో పడకూడదు. ఇది ఎప్పుడు కుదురుతుంది? చుక్కల్ని రెండు గుంపులు చేసి మధ్యలో గోడ కట్టు. ఎక్కడైనా కట్టు, నీ ఇష్టం. గోడని దాటే గీతలు లెక్కపెట్టు. అంతులేనన్ని ఉంటే పరవాలేదు. అంతుంటే మాత్రం సరిసంఖ్య రావాలి. ఏ గోడకీ బేసి రాకపోతే చాలు, గ్రాఫు మొత్తం చుట్లుగా విడిపోతుంది. అంతే. ఆ "అంతే" కోసం పద్నాలుగు నెలలు పట్టింది నాకు. పదో తరగతితో ఆపేసినదాన్ని. నీ ఇంట్లో అట్ట ఊడిపోయిన పుస్తకం ఒకటి పారేస్తుంటే తెచ్చుకున్నాను. దాంతోనే నేర్చుకున్నాను. ఆ పుస్తకం అంతున్న గ్రాఫుల దగ్గరే ఆగిపోతుంది. అక్కణ్ణుంచి ముందుకి నా కాళ్ళ మీదే నడిచాను.

ఎందుకు చెప్పలేదు? నా పేజీ ఏమైంది? ఆ మాట ఎందుకు దూర్చావు? జవాబు రాయి. ఫోన్ చేయకు. ఫోన్లో నవ్వి మాట మార్చేస్తావు.

పానా
(బోల్టులు బిగించే పానా పేరు నాకు పెట్టింది కూడా నువ్వే. అప్పట్లో ముద్దుగానే ఉండేది.)

*

జూన్ 11

చిరంజీవి పానాకి,

మావయ్య ఆశీస్సులు. నీ ఉత్తరం స్టాఫ్ రూములో అందింది. నేను చదువుతుంటే ఎదురుగా కూర్చున్న ఫిజిక్స్ మాస్టారు "ఎక్కణ్ణుంచండీ, కోర్టు నుంచా?" అన్నారు. నా మొహం అలా ఉందన్నమాట.

అవును, తెలుసు. నువ్వు పుట్టడానికి చాలా ముందే ఒకాయన దీన్ని రుజువు చేశాడు. నీ మొదటి ఉత్తరం వచ్చిన రోజే చెబుదామనుకున్నాను. కానీ అందులో ఒక వాక్యం రాశావు: "ఇది ప్రపంచంలో నాకూ నీకూ తప్ప ఎవరికీ తెలీదు" అని. దాని మీద నీళ్ళు చల్లడానికి నాకు చేయి రాలేదు. తర్వాతి నెల చెబుదామనుకున్నాను. అప్పటికి ఇంకో నాలుగు పేజీలు రాసి పంపావు. ఒకసారి ఆలస్యమైన మాట ప్రతి నెలా ఇంకాస్త బరువెక్కుతుంది. అంతకుమించి నా దగ్గర సంజాయిషీ లేదు.

రుజువు మాత్రం నీదే. ఎక్కడినుంచీ ఎత్తలేదు నువ్వు. సభవాళ్ళకీ అదే రాశాను. అందుకే ఒప్పుకున్నారు.

మూడో పేజీ అంటావా, పెద్దల సభలో గోడలూ కన్నాలూ నప్పవమ్మా. ఆ మాట చేర్చింది ఎవరూ వేలెత్తి చూపకుండా ఉండటానికి. దాన్ని పట్టించుకోకు.

ఇంకో సంగతి. ముందు వరుసలో కూర్చునేవాళ్ళు సూటిగా ప్రశ్నలడుగుతారు. జాలి పడరు. నీ బదులు నేను చదివితే ఎలా ఉంటుందో ఆలోచించు. వ్యాసం మీద పేరు నీదే ఉంటుంది.

అక్కయ్య మోకాలి నొప్పి ఎలా ఉంది? మందు వేసుకుంటోందా, డ్రాయరులో దాస్తోందా? ఇక్కడ బోర్డులన్నీ మార్చారు. కొత్తవాటి మీద సుద్ద పట్టదు, అక్షరం జారిపోతోంది. పిల్లలకి అదే హాయిగా ఉంది.

నీ మేలుకోరే
మావయ్య

*

జూన్ 16

"నప్పవు" అట.

ఆ పేజీలో ఏముందో నీకు గుర్తు చేస్తాను. పనిలో చేరిన కొత్తలో మా మేస్త్రీ నేర్పిన మొదటి సంగతి: రింగులకి గాలి ఎక్కించి పరీక్షించే ముందు ప్రతి గోడ దగ్గరా నిలబడి కన్నాలు లెక్కపెట్టాలి. మా రింగుల్లో పాయలుండవు, ఒక్కో రింగూ విడిగా పోయి విడిగా వస్తుంది. కాబట్టి గోడలోంచి వెళ్ళిన ప్రతి పైపూ తిరిగి రావాల్సిందే. సరి రాకపోతే ఎవడో ఎక్కడో పొరపాటు చేశాడన్నమాట. పోయినేడాది ఉత్తర దిక్కు గోడకి నలభై ఏడు వచ్చాయి.

"నలభై ఏడు" అన్నాను.

"మళ్ళీ లెక్కపెట్టు" అన్నాడు మేస్త్రీ.

"మూడుసార్లు పెట్టాను."

"అయితే కళ్ళజోడు పెట్టుకో."

"నువ్వే పెట్టుకో, నీకే ఉంది."

తనే లెక్కపెట్టాడు. నలభై ఏడు. గాలి ఎక్కించడం ఆపించి వెతికాం. గోడ అవతల థర్మోకోల్ పలకల వెనక ఒక పైపు ఎటూ పోకుండా ఆగిపోయి ఉంది. కొసకి మూత కూడా లేదు, గోనెగుడ్డ కుక్కి వదిలేశారు. దాని ఎదురుగానే ఇద్దరు కూర్చుని పలకలు అతికిస్తున్నారు. గాలి ఎక్కించి ఉంటే ఆ గుడ్డ ముద్ద తుపాకి గుండులా వచ్చేది.

ఎందుకు సరి రావాలో మేస్త్రీ చెప్పలేడు. "మా మేస్త్రీ చెప్పాడు, నేను నీకు చెప్తున్నా" అంటాడు. నేనడిగింది దాన్ని తిరగేసి: అన్ని గోడలకీ సరి వస్తే అన్నీ రింగులేనని ఖాయమా? గిడ్డంగికి అంతే లేకపోతే? అక్కణ్ణుంచే నా లెక్క పుట్టింది. మూడో పేజీ తీసేస్తే మిగిలిన ఏడూ ఎక్కణ్ణుంచి ఊడిపడ్డట్టు?

నాకర్థమైంది. చేతులకి గ్రీజు అంటుకున్న మేనకోడలు ఉందని నలుగురిలో చెప్పుకోవడానికి నీకు సిగ్గు. సరే. నేను రాను. ఇస్త్రీ చొక్కా వేసుకుని నువ్వే వెళ్ళు, నువ్వే చదువుకో, చప్పట్లు కూడా నువ్వే కొట్టుకో.

"లెక్కించదగిన" అన్న మాటని నిఘంటువులో చూశాను. "లెక్కించుటకు వీలైన" అని ఉంది. చాలా సాయం చేసింది. అంతులేనిదాన్ని ఎవడు లెక్కిస్తాడు? నా సిద్ధాంతం మెడకి పలుపుతాడు కట్టావు.

అమ్మ మందు డ్రాయరులోనే ఉంది.

పానా

*

జూన్ 25

పానాకి,

ఆశీస్సులు. నీ ఇష్టప్రకారమే సభకి రాశాను: వక్త మారారని, వ్యాసం నేనే చదువుతానని. నువ్వింత తొందరగా ఒప్పుకుంటావనుకోలేదు. కోపంలో కూడా సరైన నిర్ణయం తీసుకున్నావు, సంతోషం.

కానీ సిగ్గన్న మాట వెనక్కి తీసుకోవాలి. సిగ్గయితే నీ రెండో పేజీని క్లాసులో బోర్డు మీద ఎందుకు రాస్తాను? పోయిన వారమే రాశాను. "ఏ చుట్టులోనూ పడని గీత ఒకటి ఉందనుకుందాం. ఆ గీత తీసేసి, దాని ఒక కొస నుంచి నడిచి చేరగలిగిన చుక్కలన్నీ ఒక గుంపు చేద్దాం. రెండో కొస ఆ గుంపులో ఉండదు, ఉంటే చుట్టు దొరికినట్టే. ఇప్పుడా గుంపు చుట్టూ గోడ కడితే దాన్ని దాటేది ఆ ఒక్క గీతే. ఒకటి బేసి. బేసి గోడలు లేవన్నాం కదా!" ఇది చెప్పగానే వెనక బెంచీలో ఒకమ్మాయి "అరే" అంది, పైకే. నా పాఠానికి ఎవరైనా "అరే" అని ఎన్నేళ్ళయిందో.

ఇక నిజం చెప్పాలి. నప్పవన్నది అబద్ధం. మూడో పేజీ తీసేసింది అందులో నువ్వు పప్పులో కాలేశావు కాబట్టి. చెబితే బాధపడతావని చెప్పలేదు. నువ్వేం రాశావు? "పైపులన్నిటికీ పెయింటుతో నంబర్లు వేస్తాను. ఒకటో నంబరు పైపు ఉన్న చుట్టు తీసి పక్కన పెడతాను. ఒక చుట్టు ఏ గోడనైనా సరిసార్లే దాటుతుంది కాబట్టి మిగిలినదాంట్లోనూ బేసి గోడ రాదు. ఇప్పుడు మిగిలినవాటిలో అతి చిన్న నంబరు పైపు, దాని చుట్టు. ఇలా పోతే ఏ పైపూ మిగలదు." బాగుంది. కానీ నంబర్లే వేయలేకపోతే? ఆ ఒకాయన రుజువు అలాంటివాటికీ పనిచేస్తుంది, నీది చేయదు.

నీ స్కేలు తీసుకో. దాని మీద సున్నాకీ ఒకటికీ మధ్యనున్న ప్రతి బిందువుకీ ఒక పైపు ఉందనుకో. ఎవరైనా వచ్చి "అన్నిటికీ నంబర్లేశాను, ఇదిగో జాబితా" అంటే, అందులో లేని బిందువును నేను చూపిస్తాను: మొదటిదానితో మొదటి దశాంశ స్థానంలో తేడా, రెండోదానితో రెండో స్థానంలో తేడా, అలా వరసగా అన్నిటితోనూ. అది జాబితాలో ఏదీ కాదు. నంబర్లు అయిపోతాయి, పైపులు అయిపోవు. నంబర్లు వేయడానికి వీలైనదాన్నే లెక్కించదగినది అంటాం. అది పలుపుతాడు కాదమ్మా, ఎత్తున పనిచేసేటప్పుడు నువ్వు నడుముకి కట్టుకునే తాడు.

మూడో పేజీ చింపలేదు. భద్రంగా ఉంది.

మావయ్య

*

జూలై 1

వెటకారం అంటే తెలీదా నీకు? "చప్పట్లు కూడా నువ్వే కొట్టుకో" అన్నది అంగీకార పత్రమా? అక్షరం అక్షరం చదివి అర్థం మాత్రం వదిలేసేవాణ్ణి నిన్నే చూశాను. ఉన్నపళాన మళ్ళీ రాయి వాళ్ళకి. చదివేది నేను.

స్కేలు సంగతి. మూడు రోజులు నమ్మలేదు. మిగిలిపోయినదానికి ఇంకో నంబరు వేస్తే పోదా అనుకున్నాను. నాలుగో రోజు సిమెంటు బస్తా కాగితం మీద నీ జాబితా రాసి చూశాను. కొత్త నంబరు వేసిన కొద్దీ కొత్త బిందువు మిగులుతూనే ఉంది. ఒప్పుకున్నాను. తప్పు నాదే. చూశావా, తప్పని తెలిస్తే నేనేం చావలేదు. మర్నాడు లేచి పనికెళ్ళాను. నంబర్ల సంగతి నేను జనవరిలో మొదటిసారి రాసినప్పుడే ఈ మాట చెప్పి ఉంటే జనవరిలోనే లేచి వెళ్ళేదాన్ని.

మా దగ్గర కారుతున్న జాయింటు మీద పెయింటు పూసి దాచేవాణ్ణి సైటు నుంచి గెంటేస్తారు. కారితే కారిందని చెప్పాలి. నువ్వు పెయింటు పూశావు. అది కూడా నాకు ప్రేమతో!

ఆ మాట ఉండనీ, నేనే నా చేత్తో రాస్తాను. మూడో పేజీ కూడా ఉంటుంది, సరిదిద్ది. సిగ్గన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. మిగిలిన మాటలు ఎక్కడివక్కడే.

కానీ ఒకటి నన్ను తినేస్తోంది. నంబర్లు అయిపోయాయి సరే. మిగిలిన పైపులకి మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టి రెండో విడత వేస్తే? మూడో విడత వేస్తే? ఎక్కడ చెడుతుంది? చెప్పకు. నేనే చూస్తాను.

పానా

*

జూలై 7

పానాకి,

రాశాను. వాళ్ళకి విసుగొచ్చింది, న్యాయమే. వక్త పేరు రెండుసార్లు మారింది కాబట్టి జూలై ముప్పై ఒకటిలోగా సభ్యుడి సంతకంతో ఖాయం చేయాలట. లేకపోతే ఆ అరగంట ఇంకొకరికి వెళ్తుంది. ఫారం నా బల్ల మీదే ఉంది. నీ పేరు రాశాను. సంతకం ఇంకా పెట్టలేదు.

కోప్పడే ముందు చదువు. ముందు వరుసలో ఎవరో ఒకరు నిన్ను అడిగి తీరతారు: "అమ్మాయ్, నంబర్లు వేయలేని గ్రాఫులో నీ పద్ధతి ఎక్కడ ఆగిపోతుంది? రెండో విడత ఎందుకు మొదలుపెట్టవు?" నిన్ను తినేస్తోందన్న ప్రశ్నే అది. అక్కడ నీళ్ళు నమిలితే నీ పద్నాలుగు నెలలూ గాలికి పోతాయి. అక్కడికి వెళ్ళి తలొంచుకుని రావడం ఎలా ఉంటుందో నేను చూశాను, వేరేవాళ్ళ విషయంలో.

జవాబు పంపు, సంతకం పెడతాను. కోపంతో రాదు అది, కూర్చుంటే వస్తుంది. రాకపోతే వచ్చే ఏడాది ఉంది.

అక్కయ్యకి నేనే ఫోన్ చేశాను. మందు వేసుకున్నానంది. నమ్మను.

మావయ్య

*

జూలై 15

నీ షరతు చూసి ఆ రోజు పానాతో బోల్టు బిగిస్తే మర విరిగింది. మేస్త్రీ "ఎవరి మీద కోపం?" అంటే "మావయ్య" అన్నాను. "అయితే బోల్టు డబ్బులు ఆయనకే పంపిస్తా" అన్నాడు.

జవాబు దొరికింది. సగం నాది, సగం మేస్త్రీ వీపుది.

మధ్యాహ్నం విరామంలో పైపుల షెడ్డు గోడ మీద సుద్దతో వరసగా కన్నాలు గీశాను. ఒకటి, రెండు, మూడు... మూల దాకా గీసి, ఆ తర్వాత చుక్కలు పెట్టాను. రెండే గదులు, మధ్యలో ఒకే గోడ, అంతులేనన్ని పైపులు. మేస్త్రీ వచ్చి గోడకి చేరగిలబడి కూర్చున్నాడు.

"ఏంటిది?"

"అంతులేని గోడ."

"కాంట్రాక్టరు ఎవరు?"

"నేనే. రెండు పైపులు కలిపితే ఒక రింగు. రెండేసి కొట్టేస్తూ పో, అన్నీ అయిపోవాలి."

సుద్ద తీసుకున్నాడు. రెండూ మూడూ కొట్టేశాడు. నాలుగూ ఐదూ. ఆరూ ఏడూ. అలా కూర్చున్నచోటి నుంచే చేయి చాచి మూల దాకా కొట్టేసి, చుక్కలు చూసి, "మిగిలినవి కూడా ఇంతే కదా" అని సుద్ద విసిరేశాడు. లేచి నిలబడేసరికి ఆయన వీపు వెనక ఒకటో నంబరు కన్నం అలాగే ఉంది. అంతసేపూ దాన్ని ఆనుకునే కూర్చున్నాడు.

"ఒకటి మిగిలింది" అన్నాను.

"అదేంటి, రెండేసేగా తీశాను?"

"రెండేసే తీశావు. అయినా ఒకటి మిగిలింది."

మావయ్యా, అక్కడే ఉంది మొత్తం. అంతున్న గోడ ఎప్పుడూ మోసం చేయదు. అంతులేని గోడలోంచి పది చుట్లు తీసినా, కోటి తీసినా, అది అంతులేనిదిగానే ఉంటుంది. కానీ అంతులేనన్ని చుట్లు తీశాక మాత్రం ఏం మిగులుతుందో చెప్పలేం. ఏమీ మిగలకపోవచ్చు, ఒకటి మిగలొచ్చు. ఒకటి బేసి. మొదటి విడత అయ్యేసరికి గోడ బేసి అయి కూర్చుంటే, ఆ పైపుకి ఇక జత లేదు. రెండో విడత మొదలుకాకముందే పని చెడింది. తప్పు ఎవరూ చేయలేదు, ప్రతి అడుగూ సరైనదే.

మరి నంబర్లున్నప్పుడు ఎందుకు చెడదు? చిన్న నంబరుది ముందు తీయాలని నేను పట్టుబట్టాను కాబట్టి. ఒకటో నంబరు ఎవరి వీపు వెనకా దాక్కోలేదు. ఏ పైపుకైనా దాని వంతు వచ్చి తీరుతుంది, ఒక్క విడతలోనే అంతా అయిపోతుంది. రెండో విడత అవసరమే లేదు. చిన్న నంబరుది ముందు అన్నది అలవాటు కొద్దీ రాశాను. నా రుజువుని నిలబెట్టింది అదేనని ఇప్పుడు తెలిసింది.

ముందు వరుస అడగనీ. సుద్ద ఇచ్చి రమ్మంటాను.

ఇక నాకు కావలసింది ఒక్కటే. నంబర్లు లేని గ్రాఫుకి కూడా ఆయన రుజువు చేశాడన్నావు. అంటే ప్రతి విడతలో ఏ చుట్లు తీయాలో ముందే చూసుకుని ఎంచాలి, అంతులేని గోడల్లో ఒక్కటి కూడా బేసిగా మిగలకుండా. గోడలేమో లెక్కలేనన్ని. అన్నిటినీ ఒకేసారి ఎలా కాపలా కాశాడు? నువ్వు చదివే ఉంటావు కదా. నాలుగు ముక్కల్లో చెప్పు.

సంతకం పెట్టు.

పానా

*

జూలై 21

పానాకి,

సంతకం పెట్టాను. ఈ ఉదయమే రిజిస్టరు పోస్టులో పంపాను, రసీదు ఇందులో పెడుతున్నాను. సెప్టెంబరులో చదివేది నువ్వే. నీ ఉత్తరం రెండుసార్లు చదివి, మూడోసారి నిలబడి చదివాను.

నాలుగు ముక్కల్లో చెప్పమన్నావు. చెప్పలేను. నేను చదవలేదు.

మొదలుపెట్టాను, మూడుసార్లు. ఉద్యోగంలో చేరిన ఏడాది ఒకసారి, నీ అత్తయ్యతో పెళ్ళయిన కొత్తలో ఒకసారి, ఆరేళ్ళ కిందట వేసవి సెలవుల్లో ఒకసారి. మూడుసార్లూ దాదాపు ఒకేచోట ఆగిపోయాను. ఏటా క్లాసులో ఈ ఫలితం రాస్తాను. "ఇది నిజం, రుజువు కష్టం, పరీక్షకి అవసరం లేదు" అని బోర్డు తుడిచేస్తాను. ఇరవై రెండేళ్ళలో ఒక్కరూ "ఎలా?" అనలేదు. పరీక్షకి అవసరం లేదంటే పిల్లలకి అంతకంటే మంచి వార్త ఉండదు.

నీ మొదటి ఉత్తరం చదివినప్పుడే అర్థమైంది, నువ్వు అడుగుతావని. ఇది తెలిసిన ఫలితమేనని చెబితే, ఏడ్చి ఊరుకోవు, "ఎలా చేశాడు?" అంటావు. నీ ఉత్సాహం మీద నీళ్ళు చల్లలేకపోయాను అన్నది సగమే నిజం. మిగతా సగం ఇది. నీ బదులు నేను చదువుతాననడమూ అందుకే. ముందు వరుసవాళ్ళు నిన్ను అక్కడిదాకా లాక్కెళితే నువ్వు సభలో వెనక్కి తిరిగి నా వైపు చూస్తావు. అదే నా భయం. ఆ మధ్య "వేరేవాళ్ళ విషయంలో చూశాను" అని రాశాను. నేనెప్పుడూ ఆ వేదిక ఎక్కలేదు కాబట్టి నా విషయంలో చూసే అవకాశమే రాలేదు.

నా గురించి నీకేదో గొప్ప అభిప్రాయం ఉండేది. అందులో ఏమైనా మిగిలితే ఒక ముక్క రాయి. మిగలకపోయినా సెప్టెంబరులో నేను వస్తాను, చివరి వరుసలో కూర్చుంటాను.

మావయ్య

*

జూలై 26

ఇరవై రెండేళ్ళు దాచావు. నేను పేజీ గురించీ మాట గురించీ అరుస్తుంటే అదే గొడవ అన్నట్టు ఊరుకున్నావు. అసలు గొడవ ఇదన్నమాట.

గొప్ప అభిప్రాయం సంగతి తర్వాత చూద్దాం, దానికి తొందరేం లేదు. చివరి వరుసలో కూర్చోవడం మాత్రం కుదరదు. చుట్టూ అందరూ నాకు తెలీనివాళ్ళే, నువ్వెక్కడున్నావో నేను వెతుక్కుంటూ మాట్లాడాలా? ముందు వరుసలో కూర్చో. ఎవరైనా ఆ ప్రశ్న అడిగితే, "ఆ రుజువు నేనింకా చదువుతున్నాను" అని నేనే చెప్తాను. చెప్తే ఏమవుతుంది? నాకు తెలిసింది నాకు తెలుసు, అక్కడిదాకా ఎవడొచ్చినా నిలబడి మాట్లాడతాను.

నేను వేసిన మొట్టమొదటి జాయింటు ఏడుసార్లు కారింది. ప్రతిసారీ మొత్తం విప్పి మొత్తం బిగించేదాన్ని. ఎనిమిదోసారి మేస్త్రీ నా చేతిలోంచి పానా లాక్కుని, సబ్బు నురగ ఉన్న గిన్నె ఇచ్చాడు. "బిగించడం ఆపు. నురగ రాయి. ఎక్కడ బుడగ వస్తోందో వేలు పెట్టి చూపించు" అన్నాడు. చూపించాను. ఒక్క మర దగ్గర, ఆవగింజంత. మిగతా జాయింటంతా బాగానే ఉంది. ఏడుసార్లు బాగున్నదాన్నే విప్పి బిగిస్తూ వచ్చాను.

నువ్వు మూడుసార్లు మొదటినుంచి మొదలుపెట్టావు. మూడుసార్లూ ఒకేచోట ఆగావు. అంటే చేతకాలేదని కాదు, ఎక్కడో ఒక వాక్యం దగ్గర బుడగ ఉంది. ఎవరికీ చూపించలేదు కాబట్టి ఇరవై రెండేళ్ళుగా అక్కడే ఉంది.

కాబట్టి విను. ఆయన రుజువున్న ఆ వ్యాసం పంపు. గ్రంథాలయం నుంచి కొత్త నకలు తీయించి పంపావంటే తిప్పికొడతాను. నీ దగ్గరున్నదే కావాలి, నువ్వు గీతలు గీసి, అంచుల్లో రాసి, చిరాకుపడి కొట్టేసినది. నువ్వు ఆగిపోయిన వాక్యం కింద ఎర్ర పెన్సిలుతో గీత పెట్టు. దాని ముందు పేజీ వరకూ నీకేం అర్థమైందో రాయకు, అది నాకక్కర్లేదు. ఏం అర్థం కాలేదో రాయి, ఒక కాగితం నిండా, దాచుకోకుండా. వారానికో పేజీ చొప్పున ఇద్దరం చదువుదాం, మంగళవారం నా ఉత్తరం, శుక్రవారం నీది. సెప్టెంబరుకి అవుతుందా, వచ్చే ఏడాదికి అవుతుందా నాకనవసరం.

ఆగస్టు ఐదో తేదీలోగా ఆ వ్యాసం నా చేతికి రావాలి. ఎర్ర గీతతో.

పానా